మందుగుండుకు చోటు: బీదర్ పేలుళ్లు, ఆ తర్వాతి కథ

బీదర్ చరిత్రలో పెద్ద పేలుళ్లు రెండు. మొదటిది 1657లో కోట బురుజు వెనుక జరిగింది. దాంతో బీజాపూర్ ఆదిల్‌షాహీల కోట మొగలుల వశమైంది. రెండోది దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఊరి నడుమ ఉన్న మహమూద్ గవాన్ మదరసాలో జరిగింది. దక్కనులో పేరుమోసిన ఆ విద్యాలయం ముందు భాగం సగానికి సగం కూలిపోయింది. రెండు చోట్లా నష్టానికి మూలం మందుగుండు మాత్రమే కాదు, దాన్ని పెట్టిన చోటు కూడా. అంటుకునే సరుకు ఎక్కడుండాలి, దాన్ని అదుపు చేసే సాధనం ఎవరి చేతికి అందాలి అన్న ప్రశ్న కోటల కాలంలో పుట్టింది. ఓడలు, మందుగుండు గిడ్డంగులు దాటి ఈనాటి మోటారు వాహనం దాకా వచ్చింది.

రాయి, నీరు, సూరేకారం

బీదర్ ఎర్రటి లాటరైట్ పీఠభూమి అంచున ఉంది. గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చిన బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ (1422–1436) పాత కోటను కొత్తగా, విశాలంగా కట్టించాడు. పీఠభూమి అంచులు నిటారుగా దిగే వైపున కోటకు సహజ రక్షణ ఉంది. చదునుగా ఉన్న వైపున మాత్రం రాతిని తొలిచి మూడు వరుసల కందకం తవ్వారు. వరుసల మధ్య రాతి గోడలను చెక్కకుండా అలాగే వదిలేశారు. కోటకు ఏడు దర్వాజాలు, ముప్పై ఏడు బురుజులు ఉన్నాయి.

లాటరైట్ గుల్లరాయి. వాన నీరు దాని గుండా ఇంకిపోయి, అడుగున ఉన్న గట్టి నల్లరాయి దగ్గర ఆగుతుంది. ఆ రెండు రాళ్లు కలిసే మట్టంలోనే నీటి ఊటలు ఉంటాయి. బహమనీల కాలంలో ఈ ఊటలను పట్టుకోవడానికి పారశీక పద్ధతిలో భూగర్భ సొరంగాలు తవ్వారు. వీటినే కరేజ్ అంటారు. నౌబాద్ దగ్గరి కరేజ్ పొడవు కిలోమీటర్ల లెక్కలో ఉంటుంది. దాని పొడవునా గాలి కోసం, నీరు తోడుకోవడం కోసం బావుల్లాంటి నిలువు గుంతలు ఉన్నాయి. ముట్టడి వచ్చినా జనానికి, పశువులకు నీటి కరువు రాకుండా ఈ ఏర్పాటు పనికొచ్చింది. అయితే ఆ నీరంతా లోతున ఉండేది. తోడి పైకి తెచ్చుకోవాలి. దాహానికి చాలిన ఆ ఏర్పాటు క్షణంలో అంటుకునే మంటకు అందేది కాదు.

కోట మట్టిలో సూరేకారం ఉంది. ఎండా వానా తగలని పాత కట్టడాల అడుగున ఏళ్ల తరబడి నిలిచిన మట్టిలో ఈ లవణం చేరుతుంది. బిద్రీ పనివారు కోటలోని పాత మట్టిని తెచ్చి, నవసాగరంతో కలిపి నీళ్లలో మరిగిస్తారు. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా ఉన్న పాత్రకు ఆ మట్టి నీరు తగిలితే లోహం నల్లబడుతుంది. అందులో పొదిగిన వెండి తీగ మాత్రం తెల్లగా మెరుస్తుంది. 2006లో భౌగోళిక గుర్తింపు పొందిన బిద్రీ కళకు ఆ నలుపే ప్రాణం. అదే సూరేకారాన్ని గంధకంతో, బొగ్గుతో కలిపితే మందుగుండు అవుతుంది. పక్వమైన మిశ్రమంలో సూరేకారం నూటికి 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 పాళ్లు ఉంటాయి.

ఈ మిశ్రమానికి ఒక గుణం ఉంది. కట్టె మండాలంటే బయటి గాలి కావాలి. గాలి ఆడకుండా మూసేస్తే మంట చస్తుంది. మందుగుండుకు కావలసిన ఆక్సిజన్ సూరేకారంలోనే ఉంటుంది కాబట్టి మూతపెట్టినా, ఇసుక పోసినా అది ఆరదు. గట్టిగా మూసినకొద్దీ పేలుడు బలం పెరుగుతుంది. అంటుకోకముందు తడిపి పనికిరాకుండా చేయవచ్చు, అంటుకున్నాక ఆర్పే మార్గం లేదు. అందువల్ల మందుగుండు విషయంలో రక్షణ అంటే ఆర్పడం కాదు, నిప్పు చేరని చోట ఉంచడం.

తోపుల కాలం

దక్కను యుద్ధాల్లోకి మందుగుండు పదిహేనో శతాబ్దంలో వచ్చింది. బహమనీ ప్రధానమంత్రి మహమూద్ గవాన్ 1472 ప్రాంతంలో బెళగావి కోటను ముట్టడించినప్పుడు గోడల కింద సొరంగాలు తవ్వించి, మందు కూరి పేల్చాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. 1520లో కృష్ణదేవరాయలు, ఇస్మాయిల్ ఆదిల్ షా తలపడిన రాయచూరు యుద్ధంలో తోపులు, తుపాకులు పెద్ద సంఖ్యలో కనిపించాయి. బహమనీ రాజ్యం ముక్కలయ్యాక బీదర్ బరీద్‌షాహీల చేతికి వచ్చింది. కోట బురుజులను పెద్ద తోపులకు అనువుగా మార్చింది వారి కాలంలోనే. తోప్-ఎ-మహమూద్‌షాహీ, తోప్-ఎ-ఇలాహీ, తోప్-ఎ-హైదరీ వంటివి బీదర్‌లో పేరున్న తోపులు. పొడవాటి ఇనుప పట్టీలను గొట్టంలా పేర్చి, వాటి మీద ఎర్రగా కాలిన ఇనుప వలయాలను తొడిగి బిగించే పద్ధతిలో దక్కను కమ్మరులు ఇలాంటి తోపులను తయారుచేశారు. బీదర్ కట్టడాల మీద 1947లో వెలువడిన గులాం యజ్దానీ గ్రంథం ఈ తోపుల గురించీ వివరంగా చెబుతుంది. ఆయన హైదరాబాద్ సంస్థాన పురావస్తు శాఖకు అధిపతిగా పనిచేశాడు.

తోపు ఎంత పెద్దదైతే మందు అంత ఎక్కువ కావాలి. తోపు దగ్గర మందు లేకపోతే శత్రువు మీద పడ్డప్పుడు ఆలస్యమవుతుంది. ఎక్కువ పెడితే తోపు నుంచి ఎగిరే నిప్పురవ్వే దాన్ని అంటించవచ్చు. దక్కను కోటల్లో దీనికి రెండంచెల ఏర్పాటు ఉండేది. అసలు నిల్వ నివాసాలకు దూరంగా, మందపాటి గోడలు, తక్కువ వాకిళ్లు ఉన్న కొట్లలో ఉండేది. బురుజు మీద ఆ పూటకు చాలినంత మందే ఉంచేవారు. యుద్ధం ముదిరినప్పుడు మొదట తప్పేది ఈ క్రమమే.

1657: బురుజు వెనుక గుంత

1619లో బీజాపూర్ సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్ షా బీదర్‌ను తన రాజ్యంలో కలుపుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు సిద్దీ మర్జాన్ అనే హబ్షీ సర్దారు కోటకు కిలేదారుగా ఉన్నాడు. 1657లో దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు బీదర్ మీదికి వచ్చాడు. గోల్కొండ కొలువు వదిలి మొగలుల పక్షం చేరిన మీర్ జుమ్లా అతని వెంట ఉన్నాడు. మొగలు సేన కందకం దాకా తోపులను చేర్చి, బురుజులను కొట్టి బలహీనపరిచింది. కోటలోని వారు రాత్రివేళ బయటికి దూకి ఎదురుదాడులు చేశారు.

మార్చి చివర మొగలులు ఆఖరి దాడికి సిద్ధమయ్యారు. ఏ బురుజు మీద దాడి జరుగుతుందో సిద్దీ మర్జాన్ ఊహించాడు. ఆ బురుజు వెనుక పెద్ద గుంత తవ్వించి, అందులో మందుగుండు, రాకెట్లు, మందు కూరిన కుండలు నింపించాడని మొగలు చరిత్ర గ్రంథాలు చెబుతాయి. దాడి మొదలయ్యే సమయానికి కొడుకులతో, సొంత బలగంతో ఆ బురుజు దగ్గరే నిలబడ్డాడు. ఇంతలో ఒక రాకెట్ వచ్చి గుంతలో పడింది. ఒక్కసారిగా అంతా పేలింది. కోట వారిలో ఎందరో చనిపోయారు. సిద్దీ మర్జాన్, అతని కొడుకులు ఇద్దరు తీవ్రంగా కాలిపోయారు. ఆ గందరగోళంలో మొగలు సేన గోడ ఎక్కి లోపలికి చొరబడింది. చావు బతుకుల్లో ఉన్న కిలేదారు తన కొడుకుల చేత తాళాలు పంపించాడు. 27 రోజుల ముట్టడి అలా ముగిసింది.

కోటలో మొగలులకు దొరికిన సొత్తులో 12 లక్షల రూపాయల నగదు, 8 లక్షల విలువైన మందుగుండు, ధాన్యం తదితర సరుకు, 230 తోపులు ఉన్నాయని లెక్క రాశారు. తిండికి గాని, మందుకు గాని లోటు వచ్చి కోట పడలేదన్నమాట. మందు పైన కప్పు లేని గుంతలో, దాడి జరిగే చోటే ఉంది. సేనానాయకుడు దాని పక్కనే ఉన్నాడు. శత్రువు కోసం పన్నిన ఉచ్చుకూ, సొంత మనుషులకూ మధ్య దూరం గాని, అడ్డుగోడ గాని లేదు. మొగలులు ఊరికి జఫరాబాద్ అని పేరు పెట్టారు. ఆ పేరు దస్తావేజుల్లో ఉంది గాని జనం నోట నిలవలేదు.

మదరసాలో మందుగుండు

ఇరాన్‌లోని గిలాన్ నుంచి వచ్చిన మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో మదరసా కట్టించాడు. మూడంతస్తుల కట్టడం అది. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ విద్యార్థుల గదులు, బోధన మందిరాలు, మసీదు, గ్రంథాలయం ఉండేవి. గ్రంథాలయంలో మూడు వేల దాకా పుస్తకాలు ఉండేవని చెబుతారు. తూర్పు ముఖాన రెండు మూలలా ఎత్తైన మినార్లు నిలిచి ఉండేవి. ముఖభాగం నిండా నీలం, పసుపు, తెలుపు రంగుల మెరుపు పలకలు అతికించారు. దర్బారు కుట్రకు బలై గవాన్ 1481లో శిరచ్ఛేదానికి గురైనా, మదరసా మాత్రం రెండు శతాబ్దాలకు పైగా నిలిచింది.

మొగలుల కాలంలో మదరసా గదులు సైనికుల అవసరాలకు కూడా వాడుకలోకి వచ్చాయి. కొన్ని గదుల్లో మందుగుండు నిల్వ చేశారు. 1690ల మధ్యలో అక్కడ పేలుడు జరిగింది. ఆగ్నేయ మూలనున్న మినారు, సింహద్వారం, దక్షిణ భాగంలో చాలా మేర కూలిపోయాయి. పిడుగు పడి కూలిందని మరో కథనం ఉంది. రెండు కథనాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. ఎత్తైన మినారు మీద పిడుగు పడటం సహజం, దాని కింద మందు ఉంటే ఆ నిప్పు కట్టడాన్ని లేపేయడమూ సహజం. నేడు చూసేవారికి ఈశాన్య మూలన ఒక్క మినారే కనిపిస్తుంది. రెండో మూల మొండిగా మిగిలింది. కూలిన వైపు గదుల కోతను చూస్తే అంతస్తుల అమరిక తెలుస్తుంది.

మందు నిల్వకు ఆ కట్టడాన్ని ఎంచుకోవడానికి కారణాలు కనబడుతూనే ఉన్నాయి. గోడలు మందంగా ఉన్నాయి, గదులు పొడిగా ఉన్నాయి, కాపలా సైన్యం అక్కడే ఉంది. కాని అది ఊరి నడుమ ఉంది, మనుషులు నివసించే చోటు, ఆకాశంలోకి పొడుచుకు వచ్చిన మినార్లున్న కట్టడం. మందు పొడిగా ఉండాలన్న ఒక్క అవసరం తీరింది, మిగతావన్నీ తప్పాయి.

పిడుగు చెప్పిన పాఠం

ఇలాంటి పొరపాటు బీదర్ ఒక్కచోటే జరగలేదు. 1654 అక్టోబరు 12న హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో మందుగుండు గిడ్డంగి పేలి వందమందికి పైగా చనిపోయారు. చిత్రకారుడు కారెల్ ఫాబ్రిటియస్ వారిలో ఒకడు. అక్కడ పాత మఠంలో మందును నిల్వ చేశారు, చుట్టూ ఇళ్లున్నాయి. 1769లో ఇటలీలోని బ్రేషియా నగరంలో ఒక చర్చి మీద పిడుగు పడింది. ఆ చర్చి అడుగున భద్రపరిచిన మందుగుండు అంటుకుని నగరంలో పెద్ద భాగం ధ్వంసమైంది. చర్చి గదులు గట్టివనీ, పవిత్రమైనవి కాబట్టి దొంగలు రారనీ మందును అక్కడ పెట్టడం ఆనాటి అలవాటు. బ్రేషియా తర్వాత యూరప్ ప్రభుత్వాలు మేలుకున్నాయి. లండన్ దగ్గర పర్‌ఫ్లీట్‌లోని సైనిక మందుగుండు గిడ్డంగులకు పిడుగు కడ్డీలు అమర్చే విషయమై 1772లో రాయల్ సొసైటీ వేసిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ సభ్యుడు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ అనుభవమంతా చట్టంగా మారింది. బ్రిటిషు ఇండియాలో 1884లో పేలుడు పదార్థాల చట్టం వచ్చింది. నిల్వ చేసే సరుకు పెరిగినకొద్దీ ఇళ్ల నుంచి, దారుల నుంచి దూరం పెరగాలన్నది ఆ నిబంధనల్లోని మూలసూత్రం. బాణసంచా గోదాములకు లైసెన్సు ఇచ్చే అధికారులు నేటికీ మొదట కొలిచేది ఆ దూరాన్నే.

ఆర్పే సాధనం చేతికి రావడం

దూరం పెట్టడం ఒక రక్షణ. పెట్టలేని చోట, అంటే మనిషి నిప్పుకు పక్కనే ఉండక తప్పని చోట, ఆర్పే సాధనం చేతికి అందాలి. అలాంటి సాధనాల్లో తొలిదానికి మందుగుండే పనికొచ్చింది. 1723లో లండన్ రసాయనకారుడు ఆంబ్రోస్ గాడ్‌ఫ్రే ఒక పీపాను నీళ్లలాంటి ద్రవంతో నింపి, దాని నడుమ చిన్న గదిలో మందు పెట్టాడు. మండే గదిలోకి దాన్ని దొర్లిస్తే ఒత్తి అంటుకుని మందు పేలి, ద్రవం చుట్టూ చిమ్మేది. 1810లలో ఇంగ్లండుకు చెందిన జార్జ్ విలియం మాన్బీ చేతితో మోసే రాగి పాత్రను తయారుచేశాడు. గాలి ఒత్తిడితో పొటాషియం కార్బొనేటు నీటిని చిమ్మే ఆ పాత్ర నేటి మంటలార్పే సిలిండర్లకు ముత్తాత.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో మోటారు కార్లు వచ్చాక పైరీన్ కంపెనీ ఇత్తడి పంపు బాగా అమ్ముడుపోయింది. అందులో కార్బన్ టెట్రాక్లోరైడ్ ఉండేది. పెట్రోలు మంటకూ, కరెంటు మంటకూ అది పనిచేసేది, పరిమాణంలోనూ చిన్నది. కాని ఆ ద్రవం ఆవిరే విషం, మంట తగిలితే ఫాస్‌జీన్ అనే మరింత ప్రమాదకరమైన వాయువు పుట్టేది. మూసి ఉన్న కారులో దాన్ని వాడడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తర్వాత వచ్చిన హాలాన్ వాయువు బాగా పనిచేసినా ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాని తయారీ ఆగిపోయింది. నేడు మామూలు కార్లలో ఎక్కువగా ఉండేది పొడి రసాయనం నింపిన సిలిండర్.

బీదర్ ప్రాంతంలో బస్సు ప్రయాణం నిజాం కాలంలో మొదలైంది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని పెట్టింది. హైదరాబాదు, పుణె నగరాలను కలిపే జాతీయ రహదారి నేటికీ ఈ జిల్లాలోని హుమనాబాద్ మీదుగా పోతుంది. ఇంధనం ఎక్కడుంది అన్న ప్రశ్న ఎంత పెద్దదో 2013 అక్టోబరు 30న తెలుగు నేల చూసింది. బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి అంటుకోవడంతో 45 మంది సజీవదహనమయ్యారు. దెబ్బ తగిలే చోట ఇంధనం ఉంది, బయటపడే దారి నిద్రలో ఉన్నవారికి అందలేదు. బస్సుల్లో మంటను పసిగట్టే, దానంతటదే ఆర్పే వ్యవస్థలు, అత్యవసర ద్వారాలపై దృష్టి ఇలాంటి ప్రమాదాల తర్వాతే పెరిగింది.

చిన్న కారులో సిలిండర్

చోటు సమస్య అన్నిటికన్నా ఇరుకుగా ఎదురయ్యేది రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో. అందులో ఇంజిను, పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, మనిషి అన్నీ రెండు మూడు మీటర్లలోపే ఉంటాయి. దూరం పెట్టే వీలు లేదు కాబట్టి సాధనం చేరువలో ఉండటమొక్కటే మార్గం. డిక్కీలో పెట్టిన సిలిండర్ దండగ. వెనుక నుంచి గుద్దుకుంటే డిక్కీ తలుపు తెరుచుకోదు. కొన్ని కార్లలో ట్యాంకో, ఇంజినో ఉండేది అక్కడే. సీటు వెనుక వదులుగా పడేసినది ఢీకొన్నప్పుడు గుండులా ముందుకు దూసుకొస్తుంది.

ఎక్కువమంది ఎంచుకునేది సీటు ముందు అంచు కింది చోటు. అక్కడ బెల్టు పెట్టుకుని కూర్చున్న డ్రైవరు చేయి చాచి అందుకోగలడు. అయితే డ్రైవరు సీటు ముందు బిగించినది ఊడితే బ్రేకు పెడల్ కిందికి దొర్లి మరో ప్రమాదం తెస్తుంది. పక్క సీటు ముందు బిగిస్తే ఆ ముప్పు లేదు, డ్రైవరు చేతికీ అందుతుంది, బయట నిలబడ్డవారు పక్క తలుపు తెరిచి కూడా తీసుకోవచ్చు. సిలిండర్‌ను కారు పొడవుకు అడ్డంగా పెట్టాలి. నిలువునా పెడితే ఢీకొన్నప్పుడు పట్టీల్లోంచి జారి ముందుకు పోతుంది. బ్రాకెట్‌ను సీటు పట్టాలకో, లోహపు నేలకో బోల్టులతో బిగించాలి. ఫైబర్ గ్లాసు నేల అయితే అడుగున వెడల్పాటి లోహపు పలక వేయాలి. రంధ్రం వేయబోయే ముందు కింద పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం, వైర్లు ఉన్నాయేమో చూడాలి.

అంతర్జాతీయ మోటారు పోటీల సంస్థ నిబంధనలు దీన్నే అంకెల్లో చెబుతాయి. బిగింపు 25 జి వేగనిరోధాన్ని తట్టుకోవాలి. అంటే నాలుగు కిలోల సిలిండర్ ఆ క్షణంలో నూరు కిలోల బరువుతో లాగుతుంది. కనీసం రెండు లోహపు పట్టీలు ఉండాలి, అవి చటుక్కున ఊడదీసేలా ఉండాలి. ప్లాస్టిక్ క్లిప్పులు పనికిరావు. పోటీ కార్లలో ఇంజిను దగ్గరా, కూర్చునే చోటా గొట్టాల ద్వారా చిమ్మే స్థిర వ్యవస్థలు కూడా ఉంటాయి. వాటిని బయటివారు తిప్పేందుకు వీలుగా మీట దగ్గర ఎర్రటి అంచున్న తెల్లని వలయంలో ఎర్రటి ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం ఉంటుంది. ఈ జాగ్రత్తల వెనుక చావులున్నాయి. 1973 జులైలో హాలండ్‌లోని జాండ్‌వోర్ట్ పందెంలో రోజర్ విలియమ్సన్ కారు తిరగబడి అంటుకుంది. తోటి డ్రైవరు డేవిడ్ పర్లీ తన కారు ఆపి పరిగెత్తుకెళ్లి, ఒక్క సిలిండర్‌తో ఆర్పబోయినా అది చాలలేదు. పక్కనున్న సిబ్బందికి మంటలోకి వెళ్లే దుస్తులు లేవు.

నడి వేసవిలో ఎండలో నిలిపిన కారులో వేడి సిలిండర్ తట్టుకునే హద్దు దాకా పోవచ్చు. అందువల్ల ఎండ నేరుగా పడని చోటూ, ఇంజిను గోడకు ఎడంగా ఉన్న చోటూ కావాలి. కుదుపులకు లోపలి పొడి అడుగున గడ్డకడుతుంది కాబట్టి అప్పుడప్పుడు తలకిందులు చేసి కదపాలి, ఒత్తిడి ముల్లు పచ్చ భాగంలో ఉందో లేదో చూడాలి. బానెట్ కింద మంట లేస్తే దాన్ని పూర్తిగా ఎత్తకూడదు. గాలి తగిలి మంట పెరుగుతుంది. సందులోంచి చిమ్మాలి.

విద్యుత్ కార్లు ఈ లెక్కను మళ్లీ మార్చాయి. లిథియం బ్యాటరీ బాగా వేడెక్కితే దానిలోని పదార్థాల నుంచే ఆక్సిజన్ వెలువడుతుంది కాబట్టి పొడి కప్పి ఊపిరాడకుండా చేయడం కుదరదు. చాలా నీటితో గంటల తరబడి చల్లార్చాలి. సీటు ముందు బిగించిన చిన్న సిలిండర్ వైర్ల మంటకో, సీటు గుడ్డకో పనికొస్తుంది. బ్యాటరీ అంటుకుంటే మాత్రం దిగి దూరం జరగడం, అగ్నిమాపక దళానికి కబురు పెట్టడం, ఇతరులను దగ్గరికి రానివ్వకపోవడం ఇవే మిగిలిన పనులు.